ఆల్ వీల్ డ్రైవ్ కారు వెనుక డిఫరెన్షియల్‌కు ఏ గేర్ ఆయిల్ సరైనది?

నా ఆల్ వీల్ డ్రైవ్ కారు లక్ష కిలోమీటర్లు దాటింది. వెనుక డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఆయిల్‌ను ఇంతవరకు ఒక్కసారి కూడా మార్చలేదు కనుక ఈసారి స్వయంగా మార్చాలనుకుంటున్నాను. కారుతో వచ్చిన మాన్యువల్‌లో 75డబ్ల్యూ-90 (చిక్కదనం గ్రేడు), జీఎల్-5 (గేర్ ఆయిల్ పనితీరు శ్రేణి) అని స్పష్టంగా ఉంది. మెకానిక్ మాత్రం 80డబ్ల్యూ-90 పోసినా తేడా ఉండదంటున్నారు. వేడెక్కాక రెండింటి చిక్కదనం ఒకే శ్రేణిలో ఉన్నా, చలిలో మొదటిదే సులువుగా పారుతుంది; చలికాలంలో తెల్లవారుజామునే బయలుదేరే నాకు అది చిన్న విషయం కాదు.

నన్ను ఎక్కువగా వేధిస్తున్న సందేహం మరొకటి. నా కారులోది క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చూసే రకం. ఇటువంటి వాటిలో తగినంత ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల మధ్య రాపిడిని సరిచేసేందుకు ఆయిల్‌లో కలిపే పదార్థం) లేకపోతే మలుపుల్లో ప్లేట్లు పట్టి వదులుతూ కుదుపు, శబ్దం వస్తాయి. మోతాదు మించితే ప్లేట్ల పట్టు సడలి, జారే నేలపై ఆ డిఫరెన్షియల్ ఉన్న ప్రయోజనమే తగ్గుతుంది. అందువల్ల మాడిఫయర్ ముందే కలిపిన ఆయిల్ కొనడం మేలా, లేక మామూలు జీఎల్-5లో విడిగా కలుపుకోవడం మేలా? విడిగా కలిపితే, మోతాదు సరిపోయిందని ఏ లక్షణాలను బట్టి నిర్ధారించుకోవాలి? పాత ఆయిల్‌తో పాటు వచ్చే లోహపు పొడి ఎంతవరకు సహజమో కూడా, స్వయంగా ఈ పని చేసినవారు దయచేసి వివరించగలరు.