చర్చ: ఇంగ్లిష్‌లో తప్పులు తగ్గాలంటే విద్యార్థి చేతిలో ఏ డిక్షనరీ ఉండాలి?

చిత్తూరు మాస్టారు: పదో తరగతి దాటిన విద్యార్థి ఇంగ్లిష్-తెలుగు నిఘంటువును పక్కన పెట్టి, ఇంగ్లిష్ నేర్చుకునేవారి కోసమే కూర్చిన ఇంగ్లిష్-ఇంగ్లిష్ డిక్షనరీ వాడాలి. ‘డిస్కస్’ అంటే ‘చర్చించు’ అని మాత్రమే చదివినవాడు, తెలుగులో దేని గురించైనా చర్చిస్తాం గనుక, ఇంగ్లిష్‌లోనూ దానికి ‘అబౌట్’ తగిలిస్తాడు. ఆ డిక్షనరీలోనైతే ఆ క్రియ నేరుగా కర్మను తీసుకుంటుందన్న గుర్తు, ఉదాహరణ వాక్యం కనిపిస్తాయి. జపానులో ఇంగ్లిష్ బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, తన సహచరులతో కలిసి 1942లో టోక్యోలో తెచ్చిన నిఘంటువు ఈ క్రియల నమూనాలకే పెద్దపీట వేసింది.

శ్రీకాళహస్తి విద్యార్థి: ఫోనులో పదం కొడితే ఇవన్నీ వస్తున్నాయి కదా సార్.

తిరుచానూరు అమ్మ: మాస్టారూ, ఒక మాటకు అర్థం వెదికితే ఆ వివరణలోనే తెలియని మాటలు మరో రెండు తగులుతున్నాయండి. మా అమ్మాయి విసిగి పుస్తకం మూసేస్తోంది.

చిత్తూరు మాస్టారు: 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ సుమారు 2000 తేలిక పదాలతోనే వివరణలు రాసిందమ్మా. అలాంటిది కొనివ్వండి.

అలిపిరి పాఠకుడు: బ్రౌన్ దొర 1852లో ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు అచ్చువేయించారు. అలాంటి నిఘంటువులు ముందు పెట్టుకునే మన పెద్దలు ఇంగ్లిష్ నేర్వలేదా?

చిత్తూరు మాస్టారు: బ్రౌన్‌ను నేను తక్కువ చేయలేదు. అర్థం తెలియడం వేరు, వాక్యంలో ఇమడ్చడం వేరు.

అలిపిరి పాఠకుడు: తెలుగు అర్థాలు రాసుకున్న నా నోటుపుస్తకాన్ని కాలేజీలో ఒక అధ్యాపకుడు తరగతి మొత్తానికీ ఎత్తి చూపి నవ్వారు. మీ మాటల్లోనూ నాకు ఆ చిన్నచూపే వినిపిస్తోంది.

చిత్తూరు మాస్టారు: నేను అనని మాటను నాకు అంటగట్టకండి! తప్పు దిద్దడం చిన్నచూపు ఎలా అవుతుంది?

తిరుచానూరు అమ్మ: ఇద్దరూ కాస్త ఆగండి. మీరు చెప్పిన డిక్షనరీ మా ఇంట్లో ఉంది మాస్టారూ. అందులో ‘ఫర్నిచర్’ పక్కన బ్రాకెట్లలో ఉన్న ‘యు’ అక్షరాన్ని మా అమ్మాయి అచ్చుతప్పనుకుంది. లెక్కించడానికి వీలులేని నామవాచకానికి అది గుర్తని, అందుకే దానికి చివర ‘ఎస్’ చేర్చకూడదని బడిలో ఎవరూ చెప్పలేదు. పరీక్షలో ‘ఫర్నిచర్స్’ అని రాస్తే మార్కు మాత్రం కోశారు.

చిత్తూరు మాస్టారు: ఆ గుర్తుల వివరణ పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంటుందమ్మా. సిలబస్ పూర్తి చేయడానికే మాకు పీరియడ్లు చాలడం లేదు, కాబట్టి అది విద్యార్థే చదువుకోవాలి.

అలిపిరి పాఠకుడు: ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. మొదటి పేజీలు ఒక్క పీరియడైనా తరగతిలో చదివించనంతకాలం, ఏ డిక్షనరీ కొనాలన్న సలహాతో మాకు పనిలేదు.

చిత్తూరు మాస్టారు: ఆ ఒక్క పీరియడు ఏ పాఠంలోంచి తీయమంటారో కూడా మీరే చెప్పండి.