సున్నా యూనిట్లకూ బిల్లు ఎందుకు?

పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించాం. 78,000 రూపాయల రాయితీ కూడా అందింది. పోయిన నెల మేము వాడుకున్న కరెంటు కన్నా గ్రిడ్‌కు, అంటే కరెంటు సంస్థ తీగల వ్యవస్థకు, పంపిందే ఎక్కువ. అయినా బిల్లులో స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ ఉన్నాయి. "సూర్యుడికీ అద్దె కట్టాలా?" అని మామగారు విసుక్కుంటున్నారు.

రాత్రి ఫ్యాను తిరిగేది గ్రిడ్ కరెంటుతోనే కనుక తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు మా వాటా ఇవ్వడం న్యాయమే. మేము ఎగ్గొడితే ఆ భారం సోలార్ లేని పక్కింటివారి మీద పడుతుంది. నా సందేహం లెక్క గురించే. మా కనెక్షన్‌కు మంజూరైన లోడు (ఒకేసారి వాడుకోగల గరిష్ఠ కరెంటు) 2 కిలోవాట్లు ఉండేది, సోలార్ పెట్టాక 3 అయింది. స్థిర ఛార్జీ ఆ ప్రకారమే పెరుగుతుందా? మిగులు యూనిట్ల విలువను ఈ ఛార్జీలకు సర్దుబాటు చేయించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఎలా అడగాలో దయచేసి చెప్పండి.