మారతహళ్ళి ఇల్లు, కావలి ఇల్లు కలపాలి: ఏ వీపీఎన్ మంచిది?

ప్రశ్న:
నేనుండేది బెంగళూరు మారతహళ్ళిలో, అమ్మానాన్నలు కావలిలో. పొలం కాగితాలు, పాత ఫోటోలు స్కాన్ చేసి ఇక్కడ నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచే పెట్టెలో) పెట్టాను. అవి అమ్మ అక్కడ టీవీలో చూడాలి, వాళ్ళ గేటు కెమెరా నేనిక్కడ చూడాలి. కెమెరా పోర్టు బయటికి తెరవడం నాకిష్టం లేదు. అమ్మకి లాగిన్ల పని అసలే ఉండకూడదు. మొన్న పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం ఫోన్లో చెప్తుంటే "ఎందుకే నాకీ తిప్పలు" అని కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది. రెండు చోట్లా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఉంది. ఓపెన్‌వీపీఎన్‌తో రెండు రాత్రులు కూర్చున్నా కనెక్ట్ కాలేదు. ఇలా రెండిళ్ళ నెట్‌వర్కులని ఇంటర్నెట్ మీదుగా భద్రంగా కలిపే వీపీఎన్లలో నాకు పనికొచ్చేది వైర్‌గార్డా, టెయిల్‌స్కేలా?

జవాబు:
అది తర్వాత అండీ. ముందు రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే సీజీనాట్ (కంపెనీ చాలా ఇళ్ళకి కలిపి ఒకే బయటి అడ్రస్ వాడే పద్ధతి) వెనక ఉన్నట్టే, రౌటర్లో పోర్టు తెరిచి లోపలికి మళ్ళించే పోర్టు ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి నుంచి లోపలికి దారి లేదు. రెండిళ్ళలోనూ లోపలి అడ్రస్‌లు 192.168.1 సిరీస్‌లోనే ఉంటే, ఏది ఏ ఇంటిదో తేలదు కాబట్టి ఒక చోట మార్చక తప్పదు.

అడిగినవారు:
రెండు చోట్లా 100తోనే ఉంది! కావలిది పక్కింటి కుర్రాడు ఫోటో తీసి పంపాడు. సిరీస్ కూడా ఒకటే. ఇక్కడిది 192.168.50 చేశాను. అక్కడిది దూరం నుంచి మార్చి నెట్ పోతే అమ్మే ఇబ్బంది పడాలి.

ఇంకో జవాబు:
మంచి పని చేశారు. నాకు వైర్‌గార్డ్ అంటే చాలా ఇష్టం. కోడ్ సుమారు 4 వేల లైన్లే, 2020లో లినక్స్ 5.6 కెర్నల్‌లోనే చేరిపోయింది. కానీ కనీసం ఒక ఇంటికైనా బయటి నుంచి అందే అడ్రస్ ఉండాలి. అంటే స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా మధ్యలో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) పెట్టాలి. మీకు టెయిల్‌స్కేలే సరి. లోపల నడిచేది వైర్‌గార్డే. రెండు వైపుల నుంచీ బయటికే వెళ్ళి కలుసుకుంటుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు. రెండు రాస్ప్‌బెర్రీ పైలనీ సబ్‌నెట్ రౌటర్లుగా (ఇంట్లోని మిగతా పరికరాలకి దారి ఇచ్చేవిగా) పెట్టి, అవతలి ఇంటి రూట్లు (దారులు) తీసుకోమని విడిగా చెప్పండి, లినక్స్‌లో అది దానంతటది జరగదు. వాటిలో ఐపీ ఫార్వర్డింగ్ (వచ్చిన డేటాని ముందుకు పంపడం) ఆన్ చేయండి. ఇంటి రౌటర్లలో అవతలి సిరీస్‌కి స్టాటిక్ రూట్ (స్థిరమైన దారి) రాస్ప్‌బెర్రీ పై మీదుగా రాయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: రాస్ప్‌బెర్రీ పై నుంచి పింగ్ (అవతలిది అందుతోందా అని చూసే పరీక్ష) వెళ్తుంది, టీవీ నుంచి వెళ్ళదు. టెయిల్‌స్కేల్ లాగిన్ కీ గడువు మామూలుగా 180 రోజులు. రెండు పైలకీ దాన్ని ఆపేయండి, లేకపోతే ఆరు నెలలకి మళ్ళీ అమ్మగారికే లాగిన్ పని.

మొదటి జవాబిచ్చినవారు:
రెండు చోట్లా ఐపీవీ6 (పరికరాలకి సొంత బయటి అడ్రస్ ఇవ్వగల కొత్త అడ్రస్ పద్ధతి) వస్తోందేమో కూడా చూడండి. వస్తే, రౌటర్ ఫైర్‌వాల్‌లో వదిలితే, వట్టి వైర్‌గార్డే చాలు.

అడిగినవారు:
శనివారం కావలి వెళ్ళి టెయిల్‌స్కేలే పెట్టాను. స్టేటస్‌లో డైరెక్ట్ అని వస్తోంది, రిలే (మధ్యవర్తి సర్వర్) మీదుగా కాదు. టీవీ మాత్రం నాస్‌ని తనంతట తాను కనిపెట్టలేదు, ఆ వెతుకులాట ఇంటి నెట్‌వర్క్ దాటదట. ప్లేయర్లో ఐపీ నేరుగా కొట్టాను. అమ్మమ్మ నూతి గట్టు మీద కూర్చున్న ఫోటో తెర నిండా రాగానే అమ్మ రిమోట్ నా చేతిలోంచి తీసుకుంది.