మన మారుటేరు స్వర్ణ బెంగాల్ దాకా ఎలా పోయింది?

తణుకు_అబ్బాయి:
అందరికీ నమస్తే. నాది తణుకు దగ్గర పల్లెటూరు, ఉద్యోగం వల్ల బెంగాల్‌లోని బర్దమాన్‌లో ఉంటున్నా. మొన్న మా ఇంటి ఓనర్ గారు పొలం చూపిస్తూ "ఇది స్వర్ణ" అన్నారు, ఏ స్వర్ణ అని అడిగితే ఎంటీయూ 7029 అట, మా నాన్న ఎన్నో ఏళ్లు సార్వాలో, అంటే వానాకాలం పంటకి, వేసిన వరి విత్తనమే! నిజంగా ఒళ్లు పులకరించింది. ఎంటీయూ అంటే మారుటేరు వరి పరిశోధన స్టేషన్ అని, అది మా ఊరికి దగ్గరే అని చెప్తే ఆయన చాలాసేపు నమ్మలేదు. ఒక జిల్లాలో చేసిన రకం ఇంత దూరం ఎవరు తీసుకొస్తారు, గవర్నమెంటా? ఇంకోటి, మా నాన్న ఇప్పుడు వేరే రాష్ట్రం విత్తనం తెప్పిద్దామంటున్నారు, అక్కడ బాగా పండింది మన దగ్గర పండుతుందని నమ్మొచ్చా?

వరి_విద్యార్థి:
రెండు దారులు తమ్ముడూ. ఒకటి ఆఫీసు దారి. 1965 నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి పథకం నడుస్తోంది, ఏ పరిశోధన స్టేషన్ రకాన్నైనా వేరే రాష్ట్రాల స్టేషన్లలో కూడా వేసి చూస్తారు. రెండోది రైతు దారి, స్వర్ణ విషయంలో ఇదే పెద్దది అని నా అభిప్రాయం. 1982లో విడుదలైంది, వసిష్ఠ, మసూరి అనే రెండు రకాలు కలిపి చేశారు. పొట్టి మొక్క, ఎరువు తక్కువైనా దిగుబడి ఇస్తుంది, 140-150 రోజుల పంట కాబట్టి వానాకాలం నీళ్లు నిలిచే పల్లపు పొలాలకి సరిపోయింది, అలాంటి పొలాలు బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్‌లో కావలసినన్ని ఉన్నాయి కదా, ఒకరి గాదె నుంచి ఇంకొకరికి అలా పాకిపోయింది. అసలు ఆ మసూరి కూడా మనది కాదు, కటక్‌లో సంకరం చేసి పంపితే మలేషియాలో ఎంపిక చేసి 1965లో విడుదల చేశారు, అక్కడ్నుంచి మనకొచ్చింది.

సింధనూరు_క్యాంపు:
మాది కర్ణాటకలో తుంగభద్ర కాలువ కింద వలస రైతుల క్యాంపు అండి, మా తాత గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. మాకు బాపట్ల 5204, అదే సాంబా మసూరి, ఎవరూ ఆఫీసు నుంచి తెచ్చివ్వలేదు, చుట్టాలింటికి పెళ్లికి వెళ్లిన మా పెదనాన్న బస్సు మీద మూట వేసుకొచ్చారు, మరుసటి ఏడు పక్క క్యాంపు వాళ్లు మా కల్లంలోనే విత్తనం అడిగారు. విత్తనంతో పాటు దాని రోగాలూ వచ్చాయి లెండి, ఎండాకు తెగులు, అగ్గి తెగులు. 2008లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు అదే సాంబా మసూరిలో మూడు జన్యువులు పెట్టి ఎండాకు తెగులు తట్టుకునే రకం ఇచ్చారు, గింజ మాత్రం అదే సన్నం. అగ్గి తెగులు కూడా ఆగుతుందనుకోవద్దు, దానికి ఇది కాదు.

ముంపు_పొలం:
మాది శ్రీకాకుళం అన్నా, వంశధార వరద తెలిసినోళ్లం. స్వర్ణ కథలో నాకు బాగా నచ్చేది తర్వాత జరిగింది. ఒడిశాలో ఎఫ్ఆర్ 13ఏ అని పాత నాటు రకం ఉంది, ముంపుకి చావదు. దాని జన్యువుని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) వాళ్లు మన స్వర్ణలోకి తెచ్చారు, 2009లో స్వర్ణ సబ్-1గా ఇక్కడ విడుదలైంది. మామూలు వరి నీళ్లలో మునిగితే పైకి రావాలని సాగి సాగి ఓపికంతా అయిపోయి కుళ్లిపోతుంది, ఇది ఎదుగుదల ఆపేసి ఓపిక దాచుకుని నీళ్లు తీశాక మళ్లీ చిగురేస్తుంది. రెండు వారాల దాకా తట్టుకుంటుంది, అయితే పిలకల దశలోనే, పూత మీద మునిగితే ఏమీ చెయ్యలేం.

తణుకు_అబ్బాయి:
అంటే మనూరి విత్తనం అంత తిరిగి, ఒడిశా గుణం కలుపుకుని మళ్లీ మనకే వచ్చిందన్నమాట. ఓనర్ గారికి రేపే చెప్తా. నాన్న అడిగింది మాత్రం దాళ్వాకి, అంటే రెండో పంటకి.

వరి_విద్యార్థి:
దాళ్వాకైతే ముందు ఎన్ని రోజుల పంటో అడగమను, ఆఖర్లో కాలువ కట్టేస్తే ఎక్కువ రోజుల రకం గింజ పాలు పోసుకునేలోపే ఎండుతుంది. స్వర్ణ దాళ్వాకి పనికిరాకపోవడానికి అదే కారణం, 120 రోజుల కాటన్ దొర సన్నాలు, అదే 1010, బాగా నడిచిందీ అందుకే. ఆ రాష్ట్రంలో ఏ నెలలో నారు పోశారో, ఏ తెగులు ఎక్కువో కూడా కనుక్కోండి, మొదటి ఏడు ఒక్క అరెకరం మాత్రమే వేసి, పక్క మడిలో ఎప్పుడూ వేసే రకం పెట్టి చూడండి.