కాలేజీ టీముల్లో హింస నివారణ క్లాసులు: కోచ్, కెప్టెన్లే నడపాలా, బయటివాళ్లు రావాలా?

ఉప్పల్_నాన్న
మావాడు ఇంటర్ సెకండియర్, కాలేజీ కబడ్డీ టీమ్‌లో ఉన్నాడు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పారు, ర్యాగింగు, అమ్మాయిల్ని ఏడిపించడం, టీమ్‌లో కొట్లాటలు వీటి మీద స్పోర్ట్స్ పిల్లలకి వారం వారం క్లాసు పెడతారట. నడిపేది ఎవరయ్యా అంటే కోచ్, ఇద్దరు కెప్టెన్లు. షీ టీమ్స్ వాళ్లనో కౌన్సెలర్‌నో పిలవాలి గానీ పదిహేడేళ్ల కెప్టెన్ ఏం చెప్తాడండీ? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

కోర్ట్‌సైడ్_కవిత
కెప్టెన్ చెప్తేనే వింటారండి, కిటుకంతా అక్కడే ఉంది. నేను కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడాను, ఇప్పుడు కౌన్సెలింగ్ చేస్తున్నా. బయటినుంచి మేడం వచ్చి స్లైడ్లు వేస్తే వెనక బెంచీలో ఫోన్లు చూసుకుంటారు, నేనే ఆ మేడంని కాబట్టి తెలుసు. 1993లో బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో జాక్సన్ కాట్జ్ వాళ్లు మెంటర్స్ ఇన్ వయొలెన్స్ ప్రివెన్షన్ అని మొదలుపెట్టింది ఇందుకే, క్యాంపస్‌లో ఆటగాళ్ల మాటకి విలువ ఎక్కువ కదా, దాన్ని వాడుకుందామని. అందులో నువ్వే తప్పు చేస్తావ్ అని ఎవర్నీ వేలెత్తి చూపరు. పక్కనున్నవాడివి, నువ్వేం చేస్తావ్ అని అడుగుతారు. మా సెషన్‌లో ఒకటి అడిగా: టోర్నమెంట్‌కి బస్సులో వెళ్తున్నారు, మీ టీమ్‌మేట్ ఫోన్లో గర్ల్‌ఫ్రెండ్‌ని బూతులు తిడుతున్నాడు, "దిగగానే నీ సంగతి చెప్తా" అంటున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటావా? ఫోన్ పెట్టేశాక పక్కకి పిలుస్తావా? ఇంకో సీనియర్‌ని తోడు తీసుకుంటావా? కోచ్‌కి చెప్తావా? పిల్లలే వాదులాడుకుని తేల్చుకుంటారు, మనం మధ్యలో దూరకూడదు.

సికింద్రాబాద్_సెంటర్‌హాఫ్
మేడం కరెక్ట్ చెప్పింది, కోచ్ మాటే వింటరు. కానీ టైమెంత? పొద్దుగాల గంటన్నర గ్రౌండ్ దొరుకుతది మా కోచ్‌లకి. అండ్ల ముచ్చట్లు పెడితే వార్మప్ పాయె.

కోర్ట్‌సైడ్_కవిత
పావుగంట చాలు సార్. అమెరికాలో కోచింగ్ బాయ్స్ ఇంటూ మెన్ అని ఇంకో ప్రోగ్రాం ఉంది, అక్కడ కోచ్‌లే సీజన్ పొడుగునా వారానికి ఓ పది పదిహేను నిమిషాలు మాట్లాడతారు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర 16 హైస్కూళ్లలో పరీక్షించారు, ఏడాది తర్వాత చూస్తే ఆ క్లాసులున్న అబ్బాయిల్లో గర్ల్‌ఫ్రెండ్స్‌ని హింసించడం తక్కువగా కనిపించింది. మన ముంబైలోనే దాన్ని స్కూల్ క్రికెట్ కోచ్‌లతో పరివర్తన్ పేరుతో నడిపారు.

సికింద్రాబాద్_సెంటర్‌హాఫ్
పావుగంటంటే వార్మప్పే కదమ్మా నేను చెప్పేది.

మల్కాజిగిరి_రైడర్
పరివర్తన్ రిపోర్టు నేను గూడ చదివిన. పిల్లల ఆలోచనలు మారినయ్ అన్నరు, చేతల్ల మార్పు అంత గట్టిగ రాలేదు. అది చెప్పరేంది?

కోర్ట్‌సైడ్_కవిత
ఒక్క సీజన్‌కే అన్నీ మారతాయా? ముందు ఆలోచనే మారాలిగా. అయినా మీకు వేరే ఏదో కోపం ఉన్నట్టుంది.

మల్కాజిగిరి_రైడర్
ఉంది. మా కోచ్ పట్టు వదిలేసిన అని అందరి ముంగట చెంప మీద కొట్టిండు, రాత్రిదాంక చెవిల గుయ్యిమని మోత. మా బాపు పోయి అడిగిండు. అంతే, తర్వాతి టోర్నమెంట్ లిస్టుల నా పేరు లేదు, ఎందుకు లేదో చెప్పిన మొగోడు లేడు. గసోంటాయన ముంగట నిలబడి ఎవరి మీద చెయ్యెత్తొద్దు అని క్లాస్ పీకితే మేం ఏం నేర్చుకుంటం? నవ్వుకుంటం. కెప్టెన్ గూడ ఆయన పెట్టినోడే, జూనియర్లతోని బట్టలు పిండించుకున్నది వాడే.

అంబర్‌పేట్_అనిల్
మా టీమ్‌ల గూడ సేమ్ టు సేమ్ 😂

సికింద్రాబాద్_సెంటర్‌హాఫ్
లిస్టుల పేరు రానోళ్లందరిది గిదే కథ తమ్మీ. మంచిగ ఆడితే ఎవడు తీస్తడు? ఒక దెబ్బ పడితే లైన్ల ఉంటరు, మేం గట్లనే నేర్చుకున్నం. ఆడపిల్లల్ని ఏడిపించుడు వేరే, గ్రౌండ్‌ల కోచ్ కొట్టుడు వేరే. రెండిట్ని కలుపుతవేంది?

లాపాయింట్_లక్ష్మణ్
విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17, పిల్లల్ని కొట్టడం నిషేధం. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఇంటర్ వాళ్లకి వర్తించదు. ఫ్యాక్ట్ చెప్తున్నా అంతే.

కోర్ట్‌సైడ్_కవిత
లక్ష్మణ్ గారూ, జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 75 కూడా చదవండి, 18 ఏళ్లలోపు పిల్లలు ఎవరి ఆధీనంలో ఉంటే వాళ్లు కొట్టినా హింసించినా నేరమే. సెంటర్‌హాఫ్ గారూ, ఇందాకట్నుంచి మీరు నా వైపున్నారనుకున్నా, ఇదా మీ లెక్క? కోచ్ మాటే వింటారు అంటే కోచ్ చెయ్యి కూడా చూస్తారు కదా? ఆ బస్సులో తిట్టేవాడికి నోరు ఎక్కడ్నుంచి వచ్చిందనుకుంటున్నారు?

సికింద్రాబాద్_సెంటర్‌హాఫ్
అంటే నేను కొట్టినందుకు పోరడు గర్ల్‌ఫ్రెండ్‌ని తిడుతున్నడా? మంచిగుందమ్మా. మా సార్లు మమ్మల్ని బరిగెలతోని కొట్టిన్రు, నా భార్య మీద ఒక్కసారి చెయ్యెత్తిన్నా అడుగు పో.

మల్కాజిగిరి_రైడర్
చూశిన్రా మేడం, మీ క్లాస్ నడిపేది ఈయనే 👏

కోర్ట్‌సైడ్_కవిత
కొట్టే కోచ్ చేతికి ఇవ్వమని నేనెప్పుడన్నా? బోస్టన్ వాళ్లు పంపింది ట్రైనింగ్ ఇచ్చిన మాజీ ఆటగాళ్లని, బైరన్ హర్ట్ లాంటివాళ్లు అక్కడ ఫుట్‌బాల్ ఆడి వచ్చినవాళ్లే, టీమ్ సెలక్షన్ వాళ్ల చేతిలో ఉండదు. ఇంకోటి, క్లాసులో ఏ పిల్లో పిల్లాడో లైంగిక వేధింపు సంగతి బయటపెడితే పోక్సో 2012 కింద పోలీసులకి చెప్పి తీరాలి. టీమ్ పరువు అని కోచ్ సర్దేస్తే ఆయన మీదే కేసు.

ఉప్పల్_నాన్న
నేను అడిగిందేంటి, ఇక్కడ నడుస్తున్నదేంటి 🙏 కానీ ఒకటి అర్థమైంది, క్లాసు ఎవరు చెప్తారన్నది కాదు, మావాడు ఎవరి మీద ఫిర్యాదు చేయాలో ఆయన దగ్గరికే వెళ్లి చేయాల్సి వస్తే ఎలా అన్నదే నా భయం. సోమవారం ప్రిన్సిపల్‌ని అడుగుతా. ఫిర్యాదు తీసుకోడానికి స్పోర్ట్స్‌తో సంబంధం లేని లెక్చరర్ ఒకరుండాలి. ఫిర్యాదు చేసినవాడిని ఆ సీజన్‌లో టీమ్ నుంచి తీసేస్తే కారణం రాసివ్వాలి.

సికింద్రాబాద్_సెంటర్‌హాఫ్
కారణం రాసియ్యాల్నా? టీమ్ నేను సెలెక్ట్ చేస్తనా, మీ పేరెంట్స్ కమిటీ చేస్తదా?

మల్కాజిగిరి_రైడర్
రాసియ్యనీకె ఏం నొప్పి సార్? ఆట బాలేదని రాయుండ్రి, మేం గూడ చదువుతం.