గోవా దారిలో హంపికి ఒక్క రాత్రి: హోస్పేటలో దిగాలా, ఏటికి ఆవల ఆనెగొందిలోనా?

బండిచక్రం: డిసెంబరులో హైదరాబాద్ నుంచి గోవాకి కారులో వెళ్తున్నాం, ఇద్దరమే. మధ్యలో హంపికి ఒక్క రాత్రే కుదురుతుంది. పాత బ్లాగులన్నీ తుంగభద్రకు ఆవలున్న విరూపాపుర గడ్డెలో ఉండమంటున్నాయి. ఇంట్లోవాళ్ళు హోస్పేటలో హోటల్ తీసుకోమంటున్నారు. ఏది మేలు? అసలు ఒక్క రాత్రికి హంపి వెళ్ళడం దండగేనా?

ఆదోని_రోడ్డు: విరూపాపుర గడ్డె మాట వదిలేయండి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినాక అక్కడి రిసార్టులు కూలగొట్టినారు. ఇప్పుడు బుకింగుల్లో కనపడేవి ఎక్కువగా సాణాపుర, హనుమనహళ్ళి చుట్టుపక్కలవి. మ్యాపులో చూస్తే విరూపాక్ష గుడికి ఎదురుగానే ఉన్నట్టుంటాది. కానీ కారు ఏరు దాటాలంటే బుక్కసాగర, కడెబాగిలు మధ్యనున్న వంతెన మీదనే పోవాల, గుడి నుంచి సాణాపురకు దగ్గర దగ్గర 25 కిలోమీటర్లు. పడవలు పొద్దు గూకితే ఉండవు. నా ఓటు హోస్పేటకే: హంపికి 13 కిలోమీటర్లు, కారు పెట్టుకోను జాగా, రాత్రి పదికైనా భోజనం. ఊరి సందడి వద్దనుకుంటే కమలాపురంలో కర్ణాటక టూరిజం వాళ్ళ మయూర భువనేశ్వరి ఉంది. అక్కడినుంచి గుడికి 4 కిలోమీటర్లే.

తుంగతీరం: ఆదోని అన్నా, మీరు బళ్ళారి మీదుగా వచ్చేవాళ్ళ లెక్క చెబుతున్నారు. జడ్చర్ల దగ్గర హైవే దిగి మహబూబ్‌నగర్, రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా వస్తే మొదట తగిలేది ఉత్తరపు ఒడ్డే. అలాంటప్పుడు నది దాటి హోస్పేట వెళ్ళి పడుకుని, మర్నాడు ఆనెగొంది కోసం మళ్ళీ వెనక్కి రావడం దేనికి? మొదటి మధ్యాహ్నం అంజనాద్రి, పంపాసరోవరం, ఆనెగొంది చూసుకోవచ్చు. అంజనాద్రికి 575 మెట్లు. నాలుగింటికి ఎక్కడం మొదలుపెడితే ఎండ తగ్గి ఉంటుంది, డిసెంబరులో ఆరు ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. (హనుమంతుడు పుట్టింది ఇక్కడా తిరుమలలోనా అన్న వాదన 2021 నుంచి నడుస్తోంది. దానికి వేరే చర్చ తెరవండి.) గంగావతి చుట్టూ ఆంధ్ర రైతుల క్యాంపులు ఉన్నాయి కాబట్టి తెలుగుతో పని జరిగిపోతుంది. ఒకటే జాగ్రత్త: సింధనూరు తర్వాత ఈ కాలంలో వడ్ల ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి. చీకటి పడకముందే ఆ ముక్క దాటేయాలి.

రాతిరథం: ఎక్కడ పడుకుంటారన్నది తర్వాత సంగతి, ఒక్క రాత్రితో చూసేది సగమే. కృష్ణాలయం ఎంతమంది ఆగి చూస్తున్నారు? ఉదయగిరి గెలిచి కృష్ణదేవరాయలు అక్కడినుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టిన గుడి అది, 1515 నాటిది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. తూర్పు గోపురం మీద ఆ యుద్ధమే గచ్చుబొమ్మలుగా మలిచారు: గుర్రాలు, డాలు పట్టిన భటులు. తెలుగువాళ్ళు కారు అద్దంలోంచి చూసి సాగిపోతారు. హజార రామాలయం గోడల మీది రామాయణం వరస తప్పకుండా చదవాలంటే అదొక్కటే గంట. రెండు రాత్రులు ఉండలేకపోతే హంపి మానేసి నేరుగా గోవా వెళ్ళడమే నయం.

పాలమూరు_పిల్ల: మానేయుడెందుకండీ? పద్ధతిగ పెట్టుకుంటే ఒక్క రాత్రిల మంచిగనే అయితది. పొద్దుగాల ఐదుకు హైదరాబాద్ విడిస్తే ఒంటిగంటకు కమలాపురం చేరుతరు. మధ్యాహ్నం రాజప్రాసాదాల దిక్కు: మహానవమి దిబ్బ, మెట్ల పుష్కరిణి, హజార రామాలయం, లోటస్ మహల్, ఏనుగుల శాల. లోటస్ మహల్ జనానా (రాణివాసం) ఆవరణల, ఏనుగుల శాల దాన్ని ఆనుకొని ఉంటయి, వాటికి టికెట్ ఉంది. ఐదుకల్లా లోపల ఉండాలె. అదే టికెట్ విఠలాలయానికి, కమలాపురం మ్యూజియానికి నడుస్తది గానీ ఆ ఒక్కరోజే. మర్నాడు విఠలాలయానికి మళ్ళ కొనాలె, మనిషికి 40 రూపాయలే కాబట్టి దానికోసం ఉరకద్దు. శుక్రవారం మ్యూజియం బంద్. పొద్దు గూకుడు హేమకూటం మీద చూడున్రి, ఎక్కుడు పది నిమిషాలు కూడ పట్టది.

తెల్లారి మాతంగ కొండ. సూర్యోదయం ఆరున్నర దాటినంకనే, ఎక్కెటందుకు ముప్పావు గంట. కాబట్టి ఐదున్నరకు కింద ఉండాలె. చేతిల టార్చి ఉండాలె. చెప్పులతోని ఎక్కొద్దు, మంచుకు బండ జారుతది.

తుంగతీరం: ఇక్కడే అందరూ దెబ్బతింటారు. మాతంగ దిగి అచ్యుతరాయ గుడి మీదుగా ఏటి గట్టున నడిస్తే విఠలాలయం రెండు కిలోమీటర్లు, చక్కటి దారి. తిరిగి అంతే నడవాలి కదా! కారు హంపి బజారులోనే ఉండిపోతుంది. అందుకని కొండ దిగాక కారులో కమలాపురం మీదుగా తిరిగి విఠలాలయం పార్కింగుకి వెళ్ళండి. గుడి 8:30కి తెరుస్తారు. పార్కింగు నుంచి గుడికి కిలోమీటరు, బ్యాటరీ బండ్లు ఉన్నాయి. శని, ఆదివారాల్లో బండి కోసం నిలబడే టైములో నడిచి చేరిపోవచ్చు.

ఆదోని_రోడ్డు: చూడండి, ఇప్పుడు మీరే కమలాపురం అంటున్నారు! ఆనెగొందిలో పడుకున్నోళ్ళు మాతంగ సూర్యోదయానికి చీకట్లో వంతెన చుట్టి రావాల. అది జరిగే పని కాదు.

తుంగతీరం: మాతంగ కావాలంటే కమలాపురం, ఒప్పుకుంటాను. అంజనాద్రి కావాలంటే ఆనెగొంది. ఒక్క రాత్రిలో రెండూ కోరుకుంటేనే చిక్కు. హోస్పేట మాత్రం రెంటికీ దూరమే.

బండిచక్రం: విరూపాక్ష గుడి పక్కనే, జనతా ప్లాట్‌లో గదులున్నాయి కదా, వాటి సంగతి?

పాలమూరు_పిల్ల: మాతంగకు అన్నిటికన్న దగ్గర అవే. కానీ సందులల్ల కారు పట్టది, బజారు దగ్గర పెట్టి పెట్టె మోసుకపోవాలె. ఆడ మాంసం, మందు దొరకయి. లైసెన్సు ఉన్న ఇల్లేనా అని బుక్ చేసేముందే అడగున్రి. లేనియి అధికారులు వచ్చి మూసేస్తుంటరు.

రాతిరథం: సరే, ఒక్క రాత్రే అంటే విఠలాలయం దగ్గర పదిన్నరకు మించి ఉండకండి. గోవాకి ఇంకా 300 కిలోమీటర్ల పైన ఉంది: కొప్పళ, గదగ, హుబ్బళ్ళి, ధార్వాడ, ఆ తర్వాత అన్‌మోడ్ ఘాట్. హుబ్బళ్ళి దాకా రోడ్డు బాగానే సాగుతుంది, టైము తినేది ఆ తర్వాతే. పన్నెండుకు బయల్దేరితే ఘాట్ చీకట్లో దిగాలి. లారీల వెనక మలుపులు, పైగా మంచు. కృష్ణాలయాన్ని మొదటిరోజు కమలాపురం నుంచి హేమకూటానికి వెళ్ళే దారిలో పెట్టుకోండి, టికెట్ లేదు, రోడ్డు పక్కనే. అరగంట చాలు.