ఔటర్ వైల్డ్స్ లాంటి గేమ్ ఇంకేదైనా ఉందా?

ఔటర్ వైల్డ్స్ (2019) పూర్తి చేశాక వేరే ఏ గేమూ మనసుకు ఎక్కట్లేదు, దయచేసి ఏదైనా మంచిది చెప్పండి. అందులో 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోయి అంతా మళ్ళీ మొదటికొస్తుంది, మన దగ్గర మిగిలేది అప్పటిదాకా తెలుసుకున్న విషయాలే, కొత్త ఆయుధాలూ లెవెల్సూ ఏమీ ఉండవు. బ్రిటిల్ హాలో అనే గ్రహం మీద నేల ముక్కలుగా విరిగి మధ్యలోని బ్లాక్‌హోల్‌లో పడుతుంటుంది, నేనూ జారి అందులో పడి ఎక్కడో అంతరిక్షంలో తేలాను, ఒళ్ళు జలదరించింది.

రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ కూడా చాలా నచ్చింది. ఓడలో ఉన్న 60 మందికి ఏమైందో మనమే తేల్చాలి, ముగ్గురివి కరెక్ట్‌గా రాస్తే తప్ప గేమ్ ఒప్పుకోదు! హాలో నైట్ బొమ్మలూ సంగీతమూ అద్భుతం, కానీ బాస్ (పెద్ద శత్రువు) చేతిలో ఓడిన ప్రతిసారీ ఆట సేవ్ అయిన బెంచీ దగ్గర్నుంచి మళ్ళీ వెళ్ళాలంటే నాకు ఓపిక లేదు. విచర్ 3 కథ బాగుంది గానీ మ్యాప్ నిండా ఇంకా చూడని చోట్ల మీద ఉండే ఆ ప్రశ్నార్థకాలు చూస్తేనే టెన్షన్.

ఫైటింగ్ తక్కువ, ఆలోచన ఎక్కువ ఉండాలి, బాణం గుర్తులు పెట్టి దారి చూపించకూడదు. గ్రాఫిక్స్ పాతవైనా పర్లేదు. ట్యూనిక్ అనే గేమ్ ఆడినవాళ్ళుంటే అందులో ఫైటింగ్ ఎంత కష్టమో చెప్తారా? కథ మాత్రం ముందే చెప్పేయకండి.